ఎవరినడిగినా చెబుతారు

వీరవేణికి అన్నిటికంటే ఎక్కువ భయం దారి తప్పడం.

నీళ్ళంటే భయం లేదు. పదేళ్ళ కూతురు జోషిత లోతు వైపు గట్టెక్కి తల్లకిందులుగా దూకుతుంటే మిగతా తల్లులు కొంగు నోట్లో కుక్కుకుంటారు గానీ, వీరవేణి తువ్వాలు మడత పెట్టుకుంటూ నిమ్మళంగా కూర్చుంటుంది. నీళ్ళలో పడ్డ పిల్ల ఎక్కడికి పోతుంది? అటు గోడ, ఇటు గోడ. అడుగున గీత కూడా గీసి ఉంటుంది. ఆవిడ లెక్కలో మనిషి దారి తప్పడానికి వీల్లేని చోటు ఈ లోకంలో ఏదైనా ఉందంటే అది స్విమ్మింగ్ పూలే. వచ్చిన చిక్కల్లా ఆ పూలు దాకా వెళ్ళడంలో ఉంది.

ఎనిమిదో తరగతి సగంలో బడి మాన్పించారు. చదవడం వచ్చు. ఫ్యాను వేసి కూర్చోబెట్టి, పక్కన ఎవరూ తొందరపెట్టకపోతే ఏదైనా చదువుతుంది. స్కూటీ మీద పోతూ ఊరి బోర్డు చదవాలంటే మాత్రం మొదటి అక్షరం కూడబలుక్కునేసరికి బోర్డు వెనక్కి వెళ్ళిపోతుంది. భర్త గణేశు లారీ డ్రైవరు. అతనికి దేశంలో ఉన్న రోడ్లన్నీ తెలుసు, ఫోనెత్తడం ఒక్కటే తెలీదు. అందుకని ఏ పని తలపెట్టినా వీరవేణి నోట ముందు వచ్చే మాట "ఒకేళ". ఒకేళ బండి ఆగిపోతేనో, ఒకేళ వానొస్తేనో, ఒకేళ ఆ రోడ్డు ఇంకో ఊరికి పోతేనో.

ఈ ఒకేళలన్నీ ఇంట్లో ఉన్నంత కాలం ఎవరికీ నష్టం లేదు. ఒకరోజు అవి జిల్లా జలక్రీడా సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్ళాయి.

వీరవేణి వాళ్ళ ఊరు కంచిపేటలో పూలున్నా, పిల్లలు పోటీలకని పాలగరువు వెళ్తారు. కిందటేడు వెళ్ళేటప్పుడు సంఘం కార్యదర్శి పరబ్రహ్మం గారు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో దారి పెట్టారు. "కాలువ గట్టు పట్టుకుని వచ్చి, రైసు మిల్లు దాటిన పిమ్మట, గేదెలు కట్టేసి ఉన్నచోట ఎడమకు తిరగవలెను. మూడు రోడ్ల సెంటరుకు వచ్చి ఎవరినడిగినా చెబుతారు."

మన వైపు దారి చెప్పడమంటే ఇంతే కదా. అందరూ అలాగే వెళ్ళారు, అలాగే తిరిగొచ్చారు. సంఘం అధ్యక్షుల వారి బావమరిది మాత్రం మూడు రోడ్ల సెంటరులో ఎవరినో అడిగాడు. ఆ ఎవరో ఈయన ఇస్త్రీ చొక్కా, వేళ్ళకున్న ఉంగరాలూ చూసి, రొయ్యలు కొనడానికి వచ్చిన బేరగాడనుకుని చెరువుల మీదికి పంపించాడు. అక్కడి వాళ్ళు కుర్చీ వేసి, బొండాం కొట్టిచ్చి, వల విసిరి సరుకు చూపించారు. మొహమాటానికి పోయి ఆయన బేరం కూడా ఆడాడు. సాయంత్రానికి సంచి నిండా రొయ్యలతో ఇల్లు చేరాడే తప్ప, సొంత కొడుకు ఈదడం చూడలేకపోయాడు.

దాని మీద సమావేశం పెట్టారు.

పరబ్రహ్మం గారు డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. ఈత రాదు. నీళ్ళ మీది గాలి తగిలితే జలుబు చేస్తుందని మండుటెండల్లో కూడా మెడకు మఫ్లరు చుట్టుకుని పూలు దగ్గరికి వస్తారు. ఆయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"సభ్యులారా! ఎవరినడిగినా చెబుతారని మన సంఘమే లిఖితపూర్వకంగా తెలియజేసియున్నది. ఈ ఎవరైనా అను వ్యక్తి ఎవరు? ఇతనిని నియమించినది ఎవరు? ఇతని విద్యార్హతలేమిటి? తప్పుదారి చెప్పినచో ఇతనిపై చర్య గైకొను అధికారము ఎవరికి కలదు? ఇంతటి గురుతరమైన బాధ్యతను ముక్కూమొహమూ తెలియని మనిషికి అప్పగించి మనము నిశ్చింతగా నిద్రించుట భావ్యమా?"

హాలంతా చప్పట్లు. బావమరిది లేచి అందరికీ దండం పెట్టి కూర్చున్నాడు.

వీరవేణి పక్కన కూర్చున్న లక్ష్మీసుధ చెయ్యెత్తింది. ఆవిడ కూతురూ జోషితా ఒకే బ్యాచి. కారుంది, ధైర్యముంది. "లొకేషను పెట్టేస్తే సరిపోద్ది కదండీ సెక్రటరీ గారూ? ఎటు తిరగాలో ఫోనే చెప్పేస్తాది."

"ఫోనులో మాట్లాడు ఆ స్త్రీ మన సంఘములో సభ్యురాలా అమ్మా?"

"కాదండి."

"ఆమె ఎన్నడైనా పాలగరువు వచ్చియున్నదా?"

"ఏమోనండి, వచ్చుండదండి."

"కూర్చోండి."

దారి పత్రంలో ఆ మాట తీసేద్దామని ఎవరో అన్నారు. ఒకసారి సంఘం పేర వెలువడిన పత్రంలో అక్షరం మార్చాలంటే మూడింట రెండొంతుల మంది సభ్యులు ఒక చోట చేరాలట. సంఘం పుట్టిన దగ్గర్నుంచీ అంతమంది ఒక చోట చేరింది లేదు. కనుక పత్రం అలాగే ఉంటుంది, లోకాన్నే పత్రానికి తగ్గట్టు సరిచెయ్యాలి. మూడు రోడ్ల సెంటరులో సంఘం తరఫున ఒక అధీకృత ఎవరైనాను నియమించాలని తీర్మానం చేశారు.

అంతటితో అయిపోయేదే. వీరవేణికి మాత్రం ఇంకా ఒకేళలు మిగిలిపోయాయి.

ఎందుకంటే ఈ ఏడు పోటీలు ఊరికే పోటీలు కావు. యాభై మీటర్లలో మొదటి ఇద్దరిలో వచ్చిన పిల్లకి క్రీడా పాఠశాలలో సీటిస్తారు. హాస్టలు, తిండి, పన్నెండో తరగతి దాకా చదువు. మధ్యలో ఇంట్లోవాళ్ళు వచ్చి పిల్లని తీసుకుపోతామన్నా పంపరట. ఆ మాట ఈత నేర్పే కోచి చెప్పిన రోజు వీరవేణి రెండుసార్లు అడిగి మళ్ళీ చెప్పించుకుంది. ఇంట్లోవాళ్ళు మాన్పిస్తామన్నా మాన్పించడానికి వీల్లేని చదువంటూ ఒకటుందని అప్పటిదాకా ఆవిడకి తెలీదు. జోషిత ఈతకి సీటు వచ్చేస్తుంది. జోషితని ఆ నీళ్ళ దాకా చేర్చడం ఒక్కటే తన పని.

అందుకే లేచి నిలబడింది.

"సెక్రటరీ గారండీ, ఒకేళ ఆ గేదెలు ఆ రోజు అక్కడ లేకపోతేనండి?"

పరబ్రహ్మం గారు కళ్ళజోడు తీసి ఆవిడ వంక చూశారు. ఆయన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత మంచి సందేహం ఎవరూ అడగలేదు.

"రాసుకోండి," అన్నారు పక్కనున్న గుమాస్తాతో. "పోటీల నాడు గేదెలు యథాస్థానములో ఉండునట్లు తగు చర్యలు గైకొనబడును. చెప్పండమ్మా, ఇంకేమైనా?"

"ఆయ్, మరి ఆ రైసు మిల్లు పడగొట్టేసి ప్లాట్లేసేశారంటండి. ఒకేళ మిల్లు కోసం చూసుకుంటా ముందుకెళ్ళిపోతేనండి?"

"రాసుకోండి. మిల్లు పునరుద్ధరణ."

"నోర్మూసుకుని కూర్చో తల్లీ," లక్ష్మీసుధ చీర పట్టి లాగింది. వీరవేణికి వినపడలేదు. మనసులో ఉన్న భయాలన్నీ వరసగా బయటికొస్తుంటే, పెద్ద మనిషి ఒకాయన వాటిని రాయించుకోవడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి.

"ఒకేళ ఆ సెంటర్లో మీరెట్టినాయన కాకుండా ఇంకెవరైనా దారి చెప్పేస్తేనండి?"

"అనధికార వ్యక్తులచే దారి చెప్పించుకొని చేరినవారు, చేరనట్లే భావింపబడుదురు. అట్టివారి పిల్లలు ఈదిన ఈత, ఈదనట్లే పరిగణింపబడును."

"అయ్యబాబోయ్," అన్నాడు వెనక వరసలో ఒక తండ్రి.

"ఒకేళ మీరెట్టినాయన టీకో దేనికో ఎళ్తేనండి?"

పరబ్రహ్మం గారి ముఖం వెలిగిపోయింది. "వ్యక్తి ముఖ్యము కాదు, హోదా ముఖ్యము. పసుపుపచ్చ కోటు ఒకటి కుట్టించెదము. అది ధరించియున్నవారే అధీకృత ఎవరైనా. దారి చెప్పి, పిల్లవాని చేతిపై, తోడు వచ్చిన పెద్దల చేతిపై సంఘ ముద్ర వేయుదురు. ముద్ర ఉన్నవారు వచ్చినట్లు. లేనివారు రానట్లు. వీరవేణమ్మ గారూ, మీవంటి సభ్యులుంటే సంఘము ఎక్కడికో వెళ్ళును."

ఎక్కడికో వెళ్ళడమంటేనే ఆవిడ భయమని ఆయనకి తెలియదు.

ఇక ఏర్పాట్లు మొదలయ్యాయి.

మిల్లు తిరిగి కట్టడానికి స్థలం లేదు కాబట్టి మిల్లు బొమ్మతో తాటిచెట్టంత ఫ్లెక్సీ కొట్టించి, ప్లాట్ల ముందు వాసాలు పాతి నిలబెట్టారు. పొగగొట్టంలోంచి పొగ వస్తున్నట్టు కూడా వేయించారు. గేదెల ఆసామి పోలయ్య మాత్రం కాస్త ఇబ్బంది పెట్టాడు. అతనికున్న రెండింటిలో ఒకదాన్ని అంతకు ముందు వారమే అమ్మేశాడు.

"ఒక గేదుంది కదండి, సరిపోదేంటండి?" అన్నాడు.

"పత్రములో గేదెలు అని బహువచనము కలదు పోలయ్యా."

"మరి రెండోది కొన్నాయన పిఠాపురం తోలుకుపోయాడండి."

పక్కింటి గేదెను తాత్కాలికంగా డిప్యుటేషన్ మీద తెప్పించారు. రెండింటినీ సంఘం అనుమతి లేకుండా కదిలించరాదని ఉత్తర్వు ఇచ్చి, పోటీలకి ముందు రోజు ఒక చిన్న సభ పెట్టి శాలువాలు కప్పారు. మెళ్ళో వేసిన బంతిపూల దండల్ని ఒకదానిదొకటి తినేశాయి. స్థానిక సహకారం ప్రశంసనీయమని పరబ్రహ్మం గారు ప్రసంగించారు.

ఈలోగా కంచిపేట పూలులో మోటారు కాలిపోతే బాగుచేయించే తీరిక ఎవరికీ లేకపోయింది. నీళ్ళు పచ్చబడ్డాయి. కోచి మెళ్ళో ఈలతోనే పిల్లల్ని గట్టు మీద వరసగా కూర్చోబెట్టి దారి పత్రం వల్లె వేయించేవాడు. బటర్‌ఫ్లై ఈత కొట్టే పిల్లలు "గేదెలు కట్టేసి ఉన్నచోట ఎడమకు తిరగవలెను" అని రాగం తీస్తుంటే, వినడానికి వచ్చిన అధ్యక్షుల వారు కళ్ళొత్తుకున్నారు. ఈ ఏడు మన పిల్లలు ఏ పోటీకి వెళ్ళినా దారి విషయంలో వాళ్ళని కొట్టేవాళ్ళు లేరన్నారు.

జోషిత మాత్రం సాయంత్రాలు అందరూ వెళ్ళాక ఆ పచ్చనీళ్ళలోనే దూకేది. వీరవేణి గట్టు మీద కూర్చుని పత్రం కూడబలుక్కుంటూ, మధ్యలో తలెత్తి కూతుర్ని చూసుకునేది.

"అమ్మా, ఎందుకంత భయం? నేను వెనకాల కూర్చుని చదువుతాను కదా."

"ఒకేళ గాలికి నీకు వినపడకపోతేనే?"

"నేను చదివేది. నీకు వినపడాలి."

"అదేలే, నాకు వినపడకపోతేనే?"

పోటీల నాడు తెల్లవారుతూనే బయలుదేరారు. కాలువ గట్టు దాకా ఏ ఇబ్బందీ లేదు. కంచిపేట బళ్ళూ కార్లూ ఒకదాని వెనక ఒకటి, పెళ్ళివారిలా. మిల్లు దగ్గరికి వచ్చేసరికి ముందు కారు ఆగిపోయింది. దాని వెనక అన్నీ ఆగిపోయాయి.

రాత్రి గాలికి ఫ్లెక్సీ తిరగబడింది. పాత ఫ్లెక్సీ వెనక వైపున మిల్లు వేయించారని అప్పుడు తెలిసింది. మిల్లు ఉండాల్సిన చోట ఎవరో నాయకుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పుట్టినరోజు శుభాకాంక్షలు అందుకుంటున్నాడు.

"ఈయన్ని దాటచ్చంటారా?" అన్నాడు ముందు కారులోని తండ్రి.

"ఈయన్ని దాటితే మిల్లు దాటినట్టు కాదు కదండీ," అన్నారు వెనకవాళ్ళు.

అందరూ దిగి వాసాలు పట్టుకుని మిల్లుని ఇటు తిప్పారు. గాలి దాన్ని మళ్ళీ అటు తిప్పింది. చివరికి నలుగురు తండ్రులు వాసాలు గట్టిగా పట్టుకుని మిల్లుగా నిలబడితే బళ్ళన్నీ దాటాయి. తర్వాత ఆ నలుగురూ తమ కార్లలో దాటడానికి ఇంకో నలుగురు వెనక్కి నడిచి వెళ్ళాల్సి వచ్చింది.

గేదెల దగ్గర ఇంకో ఆలస్యం. పోలయ్య గేదె శాలువాతో సహా యథాస్థానంలోనే ఉంది. డిప్యుటేషన్ మీద వచ్చింది తాడు తెంపుకుని కాలువలోకి దిగిపోయింది. మెడ దాకా మునిగి, ముక్కు మాత్రం పైకి పెట్టి, అవతలి గట్టుకి హాయిగా పోతోంది. ఆ రోజు జిల్లా ఈత పోటీల్లో అందరికంటే ముందు నీళ్ళలో దిగింది అదే. మొదటి స్థానం కూడా దానిదే, ఎందుకంటే మిగతా పోటీదారులంతా రోడ్డు మీద నిలబడి దాన్ని పిలుస్తున్నారు.

"అమ్మా, లేటైపోతంది," అంది జోషిత. స్కూటీ వెనక సీటు మీద పిల్ల కాళ్ళు ఊపుతోంది. భయపడ్డప్పుడు తప్ప ఆ పిల్ల కాళ్ళు ఊపదు. వీరవేణి అద్దంలో అది చూసింది.

గేదె వచ్చింది. ఎడమకు తిరిగారు. మూడు రోడ్ల సెంటరుకి చేరారు. అక్కడ ఒక స్టూలు ఉంది. స్టూలు మీద మడత పెట్టిన పసుపుపచ్చ కోటు ఉంది. కోటు మీద సంఘ ముద్ర, ఇంకు ప్యాడు ఉన్నాయి. మనిషి లేడు.

ఎవరైనాగా నియమితుడైన అప్పలస్వామి తోడల్లుడి గృహప్రవేశానికి భోజనానికి వెళ్ళాడని పక్క బడ్డీవాడు చెప్పబోయి, తనకి చెప్పే అధికారం ఉందో లేదో అని సగంలో ఆపేశాడు.

ఇందులో తమాషా ఏమిటంటే, పూలు కనిపిస్తూనే ఉంది. అదిగో, వరిచేను అవతల తెల్ల గోడ, గోడ మీద రంగు జెండాలు, దూకే పలక. నీళ్ళ చప్పుడు వినపడుతోంది. మైకులో "పాలగరువు పిల్లలు లైనులోకి రావలెను" అని పిలుపు కూడా వినపడుతోంది. కంచిపేట బళ్ళన్నీ సెంటరులో గుంపుగా ఆగి దాని వంకే చూస్తున్నాయి. అధ్యక్షుల వారి కారు ఉంది. వెనక ముఖ్య అతిథిగా పిలిచిన పెద్దాఫీసరు గారి జీపు కూడా ఉంది. అందరూ వచ్చేశారు. ఎవరూ రాలేదు.

పాల తప్పేలా పట్టుకుని పోతున్న ఒక ముసలమ్మ ఈ జనాన్ని చూసి జాలిపడింది. "ఈతల కాడికేనేంటి నాయనా? అదిగో ఆ..."

"చెప్పకండి మామ్మగారూ! చెప్పకండి!" అందరూ ఒక్కసారి చెవులు మూసుకున్నారు. ఒక తల్లి పిల్లాడి చెవులు తన చేతుల్తో మూసి, తన చెవులు ఎలా మూసుకోవాలో తెలియక గట్టిగా రామనామం మొదలుపెట్టింది. "మీరు చెప్తే పిల్లలు డిస్‌క్వాలిఫై అయిపోతారండీ!"

ముసలమ్మ భయపడి తప్పేలా గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది.

మైకు మళ్ళీ మోగింది. బాలికల యాభై మీటర్లు. పేర్లు చదువుతున్నారు. మూడో పేరు జోషితది.

స్కూటీ వెనక కాళ్ళు ఊగడం ఆగిపోయింది. తల్లి నడుము చుట్టూ వేసిన చేతుల్ని జోషిత తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

అలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం వీరవేణికి బాగా తెలుసు. బడికి ఇక వెళ్ళక్కర్లేదని ఇంట్లో చెప్పిన రోజు తను అలాగే కూర్చుంది.

ఆవిడ బండికి స్టాండు వేసింది. స్టూలు దగ్గరికి వెళ్ళింది. పసుపుపచ్చ కోటు విప్పి వేసుకుంది. అప్పలస్వామి పెద్ద ఆసామి కాబోలు, అది మోకాళ్ళ దాకా వచ్చింది.

"వేణీ, ఏంటే ఇది?" లక్ష్మీసుధ కారులోంచి తల బయటపెట్టింది.

"అడగవే," అంది వీరవేణి కూతురితో. మళ్ళీ అంది. "దారి అడగవే నన్ను. తొందరగా."

జోషిత స్కూటీ దిగింది. ఎదురుగా వచ్చి నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు అడిగింది. "ఏవండీ, ఈత కొలనుకి ఎలా వెళ్ళాలండీ?"

అప్పటిదాకా వీరవేణి ఎవరికీ దారి చెప్పి ఎరగదు. "ఇలా నేరుగా ఎళ్ళమ్మా. ఆ జెండాలున్న గోడ పక్కన గేటు. అదే. ఇంకోటి లేదు." పిల్ల చేతి మీద ముద్ర వేసింది. తొందరలో ముద్ర కాస్త వంకరగా పడింది. "టోపీ సరిగ్గా పెట్టుకో. అక్కా, దీన్ని నీ కారులో తీసుకెళ్ళిపోవూ? నేనిది ఒదిలి రాకూడదు కదా."

"ఎక్కవే, ఎక్కు!" లక్ష్మీసుధ అప్పటికే తలుపు తీసింది. తనూ, తన కూతురూ చేతులు బయటికి చాపారు. "మేమూ అడుగుతున్నాం వేణీ. ఏవండీ, ఎలా వెళ్ళాలండీ? చాలా? ఎయ్యి ముద్ర."

ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు అద్దాలు దించి అడగడం మొదలుపెట్టారు. "ఏవండీ, ఎటండీ?" "ఇటేనండి." "ఏమ్మా, ఎటు?" "ఆ జెండాలండి." ముఖ్య అతిథి గారు కూడా జీపులోంచి చెయ్యి చాపారు. ఆయనకి విషయమేమీ తెలియదు. ఇదేదో ఊరి సంప్రదాయం కాబోలనుకుని, ముద్ర వేయించుకుని ఆవిడకి దండం పెట్టారు.

సెంటరు ఖాళీ అయిపోయింది. వీరవేణి స్టూలు మీద కూర్చుంది. కోటు లోపల చెమటలు పడుతున్నాయి. వరిచేను అవతల ఈల వినపడింది. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు. జోషిత ఈదే ప్రతి పోటీకీ ఆవిడ గట్టు మీద ఉంది, ఇవాళ లేదు. గోడ వంక చూస్తూ, కనపడని పిల్లకి లోపల్లోపల "చెయ్యి చాపు, చెయ్యి చాపు" అనుకుంటూ ఉండిపోయింది. అరుపులు పెరిగి, ఒక్కసారి తగ్గిపోయాయి. మైకు గరగరలాడింది. మొదట పాలగరువు పిల్ల పేరు చెప్పారు. తర్వాత "ద్వితీయ స్థానం, కంచిపేట, జోషిత" అని చెప్పారు.

ఆవిడ స్టూలు మీంచి లేచి, ఎవరూ చూడటం లేదని రెండువైపులా చూసుకుని, కోటు చివర్తో కళ్ళు తుడుచుకుంది.

కాసేపటికి జోషిత తడి జుట్టుతో పొలం గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా! సర్టిఫికెట్ ఇవ్వరంట! నేను వచ్చానంట గానీ నువ్వు రాలేదంట. నీ చేతి మీద ముద్ర లేదని సెక్రటరీ గారు ఆపేశారు. పెద్దవాళ్ళు రాకపోతే సీటుకి పేరు పంపరంట."

వెనకే పరబ్రహ్మం గారి కారు వచ్చింది. ముందు రోజు సాయంత్రమే అప్పలస్వామి చేత దారి చెప్పించుకుని ఆయన పూలు దగ్గర బస చేశారు. కారు దిగి, మఫ్లరు సర్దుకుని, వీరవేణిని ఎగాదిగా చూశారు.

"వీరవేణమ్మ గారూ, నియామకపు ఉత్తర్వు లేకుండా కోటు ధరించితిరి. ముద్రను వినియోగించితిరి. ఇది తీవ్రమైన విషయము. పైపెచ్చు, తమరికి దారి చెప్పినవారు ఎవరూ లేరు. ఎవరైనా తనకు తాను దారి చెప్పుకొనుటకు నిబంధనలలో ఆస్కారము లేదు. కావున తమరు ఇంకను చేరలేదు."

"తప్పైపోయిందండి," అంది వీరవేణి. ఆవిడకి నిజంగానే భయమేసింది. భయమేస్తే ఆవిడ నోట ఏమొస్తుందో అదే వచ్చింది. "ఒకేళ... ఒకేళ నేను ఎవరైనాని కాదనుకోండి సార్. మరి నేను చెప్తే వచ్చినోళ్ళంతా రానట్టేనాండి?"

"నిస్సందేహముగా."

"అధ్యక్షుల వారు కూడానాండి?"

పరబ్రహ్మం గారు మఫ్లరు ముడి వదులు చేసుకున్నారు.

"ఆ పెద్దాఫీసరు గారు ఇప్పుడే దీపం ఎలిగించారండి, మైకులో చెప్పారు. ఒకేళ ఆయన రానట్టయితే ఆ దీపం ఎవరు ఎలిగించినట్టండి? నాకు తెలీక అడుగుతున్నానండి. ఆయనకి తమరే చెప్తారాండి, మీరింకా రాలేదని?"

పరబ్రహ్మం గారు స్టూలు మీద కూర్చున్నారు. సర్వీసులో ఉండగా ఆయన ఎందరినో లేనట్టు రాశారు గానీ, పై అధికారిని ఎన్నడూ లేనట్టు రాయలేదు.

"పోనీ నేను ఎవరైనానే అనుకోండి," అంది వీరవేణి ఆయన ముఖం చూసి కంగారుపడి. "అప్పుడు నేను మీ మనిషినే కదండి. మీరెట్టిన చోటే ఉన్నాను కదండి. ఇంక రావడానికి ఏ చోటుందండి? ఒకేళ తప్పుగా అంటే కొట్టెయ్యండి."

బడ్డీవాడు గ్లాసులు కడగడం ఆపి వింటున్నాడు.

పరబ్రహ్మం గారు కారులోంచి కాగితాలు, జేబులోంచి పెన్ను తీశారు. సర్టిఫికెట్టు మీద, సీటుకి పేరు పంపే కాగితం మీద స్కూటీ సీటునే బల్లగా చేసుకుని సంతకాలు పెట్టారు. కింద "విధి నిర్వహణలో భాగముగా చేరియున్నారు" అని రాశారు. జోషిత ఆ రెండు కాగితాలూ తడి చేతుల్తో పట్టుకోకుండా, గౌను అంచుతో పట్టుకుని నిలబడింది.

పోటీలు ముగిశాయి. బళ్ళూ కార్లూ ఒక్కొక్కటే సెంటరు దాటి కంచిపేట వైపు వెళ్ళిపోయాయి. పిల్లలు ఆకలి మీదున్నారు, ఎవరూ ఆగలేదు. వీరవేణి కోటు విప్పి, మడత పెట్టి స్టూలు మీద పెట్టింది.

"మేం ఎళ్ళొస్తామండి సార్. తమరు బయల్దేరరాండి?"

పరబ్రహ్మం గారు కారులో కూర్చుని, తాళంచెవి తిప్పి, దారి పత్రం తీశారు. ఒకసారి చదివారు. తిరగేసి చూశారు. వెనక ఏమీ లేదు.

"ఇందు వచ్చు దారి మాత్రమే కలదు," అన్నారు మెల్లగా. "పోవు దారి లేదు."

"వచ్చిన దారేనండి. తిరగేసుకుని వెళ్ళడమేనండి."

"కుడి ఎడమలు తారుమారగును. గేదెలు ముందు వచ్చి మిల్లు తరువాత వచ్చును. అట్టి మార్గమును సంఘము ఆమోదించలేదు."

"పోనీ నా వెనకే రండి సార్. నేను చెప్తాను."

ఆయన ఆవిడ వంక జాలిగా చూశారు. "తమరు కోటు విప్పివేసిరి కదమ్మా."

మళ్ళీ వేసుకుంటానంది. అది వచ్చువారి కోటే గాని పోవువారి కోటు కాదన్నారు. చేసేదేం లేక వీరవేణి స్కూటీ స్టార్టు చేసింది. దారిలో ఒక చోట కుడికి తిరగాల్సింది ఎడమకి తిరిగి, ఎవరిదో కొబ్బరితోటలోకి వెళ్ళిపోయారు. జోషిత దిగి ఒకావిడని అడిగింది. ఆవిడ చెప్పింది. ఇంటికి వచ్చేశారు. అంతకు మించి ఏమీ జరగలేదు.

జోషిత క్రీడా పాఠశాలలో చేరింది. సంఘంవారు పోవు దారి పత్రం ఆమోదించడానికి సర్వసభ్య సమావేశం పిలిచారు గానీ, అందులో తీర్మానం ప్రవేశపెట్టాల్సింది కార్యదర్శిగారే కాబట్టి ఆయన రాగానే మొదలుపెడదామని వాయిదా వేశారు.

ఆయన కారు ఇంకా మూడు రోడ్ల సెంటరులోనే ఉందని అటు నుంచి వచ్చేవాళ్ళు చెబుతున్నారు. మీలో ఎవరికైనా పాలగరువు మీదుగా పని పడితే, ఒక్క నిమిషం బండి ఆపి పరబ్రహ్మం గారు ఎలా ఉన్నారో చూసి వెళ్ళండి. రాత్రిళ్ళు చలేస్తోందేమో, మఫ్లరు ఒక్కటే ఉంది. టిఫిను పొట్లం ఇస్తే మొహమాటపడరు, తీసుకుంటారు. దారి మాత్రం చెప్పకండి. చెవులు మూసుకుంటారు, పాపం, చేతిలో పొట్లం కింద పడిపోతుంది.